జోయ్టె స్మోక్ జనరేటర్: చిన్న చిమ్నీకి భేష్, ఫ్యాక్టరీ చిమ్నీకి వద్దు

మోడల్ రైల్వేలో పొగ అనగానే ముందు వినిపించే పేరు జర్మనీ కంపెనీ జోయ్టె. ఇంజన్ల కోసం చేసిన ఈ చిన్న లోహపు గొట్టాలనే చాలామంది లేఅవుట్ (పట్టాలు, ఇళ్లు అమర్చిన నమూనా) మీద ఇళ్ల చిమ్నీల్లో, లోకో షెడ్డు కప్పు మీద, ఇటుక బట్టీల్లో కూడా దింపుతారు. హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, అలాంటి చిన్న చిమ్నీలకు ఇంతకంటే తేలికైన దారి లేదు. వెడల్పుగా, ఎత్తుగా ఉండే ఫ్యాక్టరీ చిమ్నీకి మాత్రం దీని పొగ చాలదు.

ఎందుకో తెలియాలంటే లోపలి పని తెలియాలి. గొట్టం మధ్యలో వెంట్రుకంత సన్నని ఇంకో గొట్టం, దాని చుట్టూ హీటర్ తీగ ఉంటాయి. అడుగున నూనె వేడెక్కి ఆవిరై, ఆ సన్న గొట్టం గుండా పైకి తన్నుకొస్తుంది. బయటి చల్లగాలి తగలగానే సన్నని తుంపరగా మారి తెల్లగా కనబడుతుంది. అంటే ఇది నిజం పొగ కాదు, నూనె మంచు. దీన్ని నల్లగా చేసే ఉపాయం లేదు. బొగ్గు పొగ కావాలనుకునేవారు ముందే ఆశ వదులుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది నూనె పోయడంలో. సగం గొట్టం వరకే పోయాలి. నిండా పోస్తే సన్న గొట్టం చల్లని నూనెతో మునిగిపోతుంది. అప్పుడు పొగ రాదు, చిటపటమంటూ చుక్కలు మాత్రం ఎగిరి కప్పు మీద పడతాయి. వోల్టేజి పెంచడం దీనికి మందు కాదు. కరెంటు ఆపి, చల్లారనిచ్చి, టిష్యూ కాగితాన్ని పురి పెట్టి లోపలికి దించి అదనపు నూనె పీల్చేయాలి. సూది లేని సిరంజితో పోయకండి, చేతికి అదుపు ఉండదు. మొద్దు సూది తగిలించి చుక్క చుక్కగా వదలండి. నూనె అయిపోయాక కూడా కరెంటు ఆపకుండా వదిలేస్తే మిగిలిన తడి మాడి సన్న గొట్టం పూడుకుపోవచ్చు.

అమర్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటే: జనరేటర్ మూతి చిమ్నీ మూతితో సమానంగా ఉండాలి. వైర్లు దాచడానికి వీలుగా ఉంటుందని అడుగున బిగిస్తే, ఆవిరి పైకి చేరేలోపే గోడలకు అంటుకుని నూనెగా కిందికి కారుతుంది. పైన పొగ కనబడదు, కింద మరక కనబడుతుంది. ఇంకో చిక్కు ప్లాస్టిక్. భవనాల కిట్లు ఎక్కువగా పాలీస్టైరీన్‌తో వస్తాయి, అది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు రాకముందే మెత్తబడుతుంది. అందుకే చిమ్నీ లోపల ఇత్తడి గొట్టం పెట్టి, దానికీ జనరేటర్‌కూ మధ్య చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ వదలాలి. సూపర్ గ్లూ వేడికి వదిలేస్తుంది. కింద చిన్న ఇత్తడి ముక్కను స్టాపుగా పెడితే జిగురు అవసరమే ఉండదు, పాడైన రోజు పైనుంచి లాగి కొత్తది దించుకోవచ్చు.

కరెంటు పట్టాల నుంచి తీసుకోవద్దు. పట్టాల్లోని వోల్టేజిని పెంచి తగ్గించి రైలు నడిపే అనలాగ్ లేఅవుట్‌లో రైలు ఆగితే పొగ కూడా ఆగుతుంది. కొనేటప్పుడు వోల్టేజి చూసుకోండి, 10–16 వోల్టుల రకం వేరు, డిజిటల్ (పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉండే పద్ధతి) కోసం వచ్చే 16–22 వోల్టుల రకం వేరు. రెండోదాన్ని 12 వోల్టుల అడాప్టర్‌కు తగిలిస్తే వెచ్చబడి ఊరుకుంటుంది. మొదటి రకానికి 16 వోల్టుల డీసీ అడాప్టర్, వోల్టేజిని తగ్గించి ఇచ్చే ఎల్ఎం2596 మాడ్యూల్ సరిపోతాయి. 11 వోల్టుల దగ్గర మొదలుపెట్టి, పొగ నిలకడగా వచ్చేచోట ఆపండి.

ఒకసారి పోసిన నూనె నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి పుష్ బటన్‌తో టైమర్ పెట్టడం తెలివైన పని. ఎన్ఈ555 అనే టైమర్ ఐసీని 12 వోల్టుల మీద మోనోస్టేబుల్‌గా (ఒకసారి నొక్కితే కొంతసేపు నడిచి దానంతటదే ఆగేలా) కట్టి, 1 మెగాఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే లెక్క ప్రకారం 110 సెకన్లు వస్తుంది. కెపాసిటర్ లీకేజీ వల్ల నిజానికి ఇంకాస్త ఎక్కువే నడుస్తుంది, ఫర్వాలేదు. ఐసీ నుంచి నేరుగా లోడ్ ఇవ్వకుండా మధ్యలో స్విచ్‌లా పనిచేసే ఒక మాస్‌ఫెట్ (ట్రాన్సిస్టర్) పెట్టండి.

నూనె విషయంలో పొదుపు పనికిరాదు. స్మోక్ ఫ్లూయిడ్‌గా అమ్మేదే వాడాలి. కిరోసిన్ ఆవిరికి మంట అంటుకుంటుంది. కొబ్బరినూనె మాడి జిగురవుతుంది. అగరుబత్తి పెట్టి చిమ్నీలోంచి పొగ వదిలే చిట్కా ఒకటి చెబుతుంటారు. పొగ రంగు నిజంగానే బాగుంటుంది, కానీ నిప్పు ప్లాస్టిక్ ఇంట్లో ఉంటుంది! పైగా గోధుమరంగు జిడ్డు వదలదు. ఇక ఇ-సిగరెట్ కాయిల్‌తో పొగ పుట్టించే విదేశీ వీడియోలు చూసి లెక్కలు వేసుకోవద్దు, మన దేశంలో ఇ-సిగరెట్ల అమ్మకాన్ని 2019 చట్టం నిషేధించింది.

మరి పెద్ద చిమ్నీకి? కొత్తగూడెం తరహా కూలింగ్ టవర్ చేస్తుంటే 5 వోల్టులతో నడిచే 20 మిల్లీమీటర్ల అల్ట్రాసోనిక్ డిస్క్ (వణుకుతూ సన్న రంధ్రాల గుండా నీటిని మంచులా చిమ్మే బిళ్ల) జోయ్టె కంటే వందరెట్లు నయం. టవర్ నుంచి నిజంగా వచ్చేదీ నీటి ఆవిరే కదా. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని డిస్క్ రంధ్రాలు మూసుకుపోతాయి. ఈ మంచు చల్లగా, బరువుగా ఉండి కిందికి జారుతుంది, కాబట్టి అడుగున చిన్న ఫ్యాన్‌తో నెమ్మదిగా పైకి తోయాలి. చుట్టూ ప్లాస్టర్ కొండలుంటే తడిసి మెత్తబడతాయి. ఫ్యాక్టరీ చిమ్నీకైతే వేడెక్కే రెసిస్టర్, నూనె పీల్చే ఫైబర్‌గ్లాస్ ఒత్తి, ఫ్యాన్ ఉండే, పెద్ద స్కేల్ రైళ్ల కోసం చేసిన స్మోక్ యూనిట్ చూడండి. ఒత్తి ఎండితే మాడిపోతుంది, అదొక్కటే దాని జబ్బు.

ఏ పద్ధతైనా వెనుక ముదురు రంగు తెర, పక్కనుంచి వెలుగు లేకపోతే పొగ ఉన్నట్టే తెలియదు. లేత నీలం ఆకాశం బొమ్మ ముందు తెల్ల పొగ మాయమైపోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఒక పాయింటు మీద ఉన్నా చాలు, జోయ్టె పొగ చిమ్నీ దాటకముందే చెదిరిపోతుంది.

నూనె మంచు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. మ్యాట్ రంగు వేసిన కప్పులు కొన్నాళ్లకు మెరవడం మొదలెడతాయి, పట్టాల మీద పొర చేరి చక్రాలు జారతాయి. చిమ్నీని పట్టాలకు వీలైనంత దూరం పెట్టండి, పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి, అదీ కరెంటు ఆపాకే. నూనె సీసాను పిల్లలకు అందనిచోట పెట్టండి: మింగితే కడుపుకంటే ఊపిరితిత్తులకు ముప్పు, వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.