మాట నేర్పే చదువు: ఎనిమిదేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను, నా స్పీచ్ థెరపీ చదువుకి నేనిచ్చేది ఐదుకి మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

నేను చదివింది ఎం.ఎస్సీ. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ, అంటే మాటకీ మింగడానికీ వచ్చే ఇబ్బందులకి చికిత్స. 2017లో పూర్తయింది. దానికి ముందు వినికిడి, మాట రెండూ నేర్పే నాలుగేళ్ల డిగ్రీ బీఏఎస్ఎల్‌పీ, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. రెండూ కలిపి ఆరేళ్లు. మాది విశాఖపట్నమే, మద్దిలపాలెం. చదువు మాత్రం హైదరాబాద్‌లో. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పొద్దున్నే దిగి నిద్రకళ్లతో క్లినిక్‌కి పరిగెత్తడం. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని నెలలూ, పీజీలో ఒక వేసవి పోస్టింగూ విశాఖలో చేశాను. చదువు అయ్యాక విశాఖ వదిలి ఎటూ పోలేదు. ముందు ఒక ఆసుపత్రిలో ఉద్యోగం, ఇప్పుడు సీతమ్మధారలో సొంత క్లినిక్. కాలేజీ పేరు అడగొద్దు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, అప్పటివాళ్లు ఇప్పుడక్కడ లేరు కూడా.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా పిన్ని కూతురు బీఏఎస్ఎల్‌పీ ఇంటర్న్‌షిప్‌లో ఉంది. "అక్కా, పీజీ చెయ్యనా, ఇక్కడితో ఆపి క్లినిక్ పెట్టేసుకోనా?" అని ఫోన్ చేసింది. డిగ్రీతోనే మమ్మల్ని నమోదు చేసుకునే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ప్రాక్టీస్ చేసుకోవచ్చు. పీజీ లేకపోతే ఎవరూ బోర్డు పీకెయ్యరు. అందుకే అది అడగాల్సిన ప్రశ్నే. అరగంట మాట్లాడాక నాకే అర్థమైంది, నేను పొంతన లేకుండా చెబుతున్నానని.

ఈ చదువు ఏమిటో మా ఇంట్లోనే ఎవరికీ సరిగ్గా తెలియదు. నాన్న ఆఫీసులో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి స్పీచ్ చదువుతోంది" అనేవారట. పాప ఉపన్యాసాలిస్తుందా, రాజకీయాల్లోకి వస్తుందా అని వాళ్లు నవ్వేవారట. నత్తి, మాటలు ఆలస్యం, ఆటిజం, పక్షవాతం వచ్చి మాట పడిపోవడం, గ్రహణమొర్రి, టీచర్ల గొంతు బొంగురు, చెవుడు, ఆఖరికి ముద్ద మింగలేకపోవడం దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. అదే గొంతులోంచి మాటా రావాలి, అదే దారిన అన్నమూ దిగాలి కదా.

ఇక అసలు సంగతి. ఈ చదువులో తరగతి గది కంటే ముఖ్యమైనది ఒక అద్దం. థెరపీ గదికీ పక్కగదికీ మధ్య ఉంటుంది. మన వైపు నుంచి చూస్తే మన మొహమే కనిపిస్తుంది, అవతలి గదిలోంచి చూస్తే మనం కనిపిస్తాం. అక్కడ సూపర్‌వైజర్ కూర్చుని మనం కేసు ఎలా చూస్తున్నామో గమనించాలి. ఆ కుర్చీలో మనిషి ఉంటే చదువు ఉన్నట్టు, లేకపోతే ఫీజు కట్టినట్టు. నా అదృష్టం కొద్దీ ఆ వేసవి పోస్టింగ్‌లో కుర్చీలో మనిషి ఉంది.

పెద జాలారిపేట నుంచి ఐదేళ్ల బాబుని తీసుకొచ్చారు. మాట ముద్దగా వస్తోంది, స్కూల్లో పిల్లలు వెక్కిరిస్తున్నారు. నేను బొమ్మల పుస్తకం తీసి ఉచ్చారణ పరీక్ష మొదలుపెట్టాను. చేప బొమ్మ చూపిస్తే "సేప" అన్నాడు. చెట్టు "సెట్టు". చెయ్యి "సెయ్యి". నేను ఎర్ర పెన్నుతో చ బదులు స, చ బదులు స అని నింపుకుంటూ పోయాను. కాగితం నిండేసరికి గర్వంగా కూడా ఉంది. మేడమ్ అవతలి గదిలోంచి వచ్చి, నాతో ఒక్క మాట కూడా అనకుండా, తల్లి పక్కన కూర్చుని, "ఏం వండావమ్మా ఇవాళ?" అంది.

"సేపల పులుసండీ. మాకు ఇంకేటుంటాది?"

మేడమ్ నా వైపు చూసింది. అంతే. ఆ పిల్లాడు వాళ్లమ్మ భాష మాట్లాడుతున్నాడు. అందులో రోగమేమీ లేదు. నేను హైదరాబాద్‌లో కూర్చుని నేర్చుకున్న పుస్తకపు తెలుగుని కొలబద్దగా పెట్టుకుని మా సొంత ఊరి మాటకే తప్పులు వేశాను. అదీ మద్దిలపాలెంలో పుట్టి పెరిగినదాన్ని! కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదలుపెడితే అసలు తప్పు బయటపడింది. కాకి "తాతి", కుక్క "తుత్త", కోడి "తోడి". నాలుక వెనక భాగం పైకి లేవాల్సిన చోట ముందు కొస లేస్తోంది. వాళ్లమ్మ కాకిని కాకి అనే అంటుంది. కాబట్టి ఇది దిద్దాల్సిందే. నాలుక కొసని స్పూన్‌తో కింద అదిమిపెట్టి, నీళ్లు పుక్కిలించే ఆటతో గొంతు వెనక శబ్దం పుట్టించి, నాలుగు నెలల్లో క తెప్పించాం. ఆరేళ్ల చదువులో నాకు బాగా గుర్తున్న పాఠం ఆ చేపల పులుసే. సిలబస్‌లో అది ఒక్క వాక్యం: మాండలికం వేరు, లోపం వేరు.

ఇప్పటికీ కొత్త కేసు వస్తే ముందు అమ్మనో అమ్మమ్మనో మాట్లాడిస్తాను. కథని "కత" అంటారు, శ, ష అన్నీ స అయిపోతాయి. ఇళ్లల్లో లేని ఒత్తులు పిల్లల దగ్గర వెతకడం నాకు దండగ అనిపిస్తుంది. నేవీ క్వార్టర్స్ నుంచి వచ్చే పిల్లలైతే ఇంట్లో హిందీయో మలయాళమో, స్కూల్లో ఇంగ్లిష్, ఆయాతో తెలుగు. వాళ్లకి ఏ భాషలో పరీక్ష పెట్టాలన్నదే సగం పని. దీనికి మా దగ్గర ఉన్న సరంజామా తక్కువ. తెలుగులో ఉచ్చారణ పరీక్ష ఉంది, పక్షవాతం వచ్చినవాళ్ల భాష కొలిచే వెస్టర్న్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపం ఉంది. ఇంకొన్ని ఉన్నాయి. మిగతాది మనమే అల్లుకోవాలి.

ఇప్పుడు కోసిన మార్కుల సంగతి.

కాలేజీలో ప్రతి విద్యార్థికీ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఎన్ని గంటలు ఏ రకం కేసు చూశామో రాసి, సంతకం పెట్టించుకోవాలి. మా బ్యాచ్‌లో సెమిస్టర్ ఆఖర్న ఆ పుస్తకాలు గుట్టగా వెళ్లేవి, గుట్టగా తిరిగొచ్చేవి. పది మందిమి ఒకే కేసు చుట్టూ నిలబడి చూసినా పది మందికీ గంటలు పడేవి. వరండాలో టీ తాగిన గంటలు కూడా అందులో ఉన్నాయి. ఆ పేజీల మీద నా సంతకం కూడా ఉంది కాబట్టి నేనేమీ తక్కువ తినలేదు. అప్పుడది బాగానే అనిపించింది, ఇంటికి తొందరగా వెళ్లొచ్చు.

దాని బిల్లు ఆసుపత్రిలో చేరిన రెండో నెలలో వచ్చింది. పక్షవాతం వచ్చిన పెద్దాయన. మింగగలడో లేదో చూడమని పిలిచారు. నేను నాలుగు స్పూన్ల నీళ్లు పట్టాను. దగ్గలేదు, పొలమారలేదు. నోటితో పెట్టొచ్చని రాసేశాను. ఆయన భార్య సంతోషంగా కాఫీలో నంచి ఇడ్లీ పెట్టింది. మూడో రోజు జ్వరం, ఆయాసం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. పన్నెండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టడం మనకి అలవాటు. నిజానికి పొలమారడం మంచి కబురు. దారి తప్పిన నీటిని గొంతు బయటకి తోస్తోందన్నమాట. పక్షవాతంలో కొందరికి ఆ స్పర్శే ఉండదు. తిన్నది చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. మంచం పక్కన స్పూన్‌తో చూస్తే దొరకదు, మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీసే వీడియోఫ్లోరోస్కోపీలోనో, ముక్కులోంచి కెమెరా పంపించో చూడాలి. ఇదంతా నాకు తెలియక కాదు. పరీక్షలో సైలెంట్ ఆస్పిరేషన్ మీద రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మింగే పరీక్ష మాత్రం చదువుకున్నన్నాళ్లూ స్లైడ్ల మీదే చూశాను. ఒక మార్కు ఇక్కడ పోయింది. లాగ్‌బుక్కులకి అర.

తర్వాత ఒక సీనియర్ దగ్గర ఆరు నెలలు శనివారాలు ఊరికే కూర్చుని నేర్చుకున్నాను, జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. మింగడం కష్టమైనవాళ్లకి తాగేది ఎంత చిక్కగా, తినేది ఎంత మెత్తగా ఉండాలో చెప్పడానికి ఐడీడీఎస్ఐ అని సున్నా నుంచి ఏడు దాకా మెట్లున్న కొలత ఉంది. తాగేదాన్నైతే పది మిల్లీలీటర్ల సిరంజిలో పోసి, పది సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూస్తారు. చిక్కబరిచే పొడి డబ్బా కొనమంటే మా దగ్గరికొచ్చే చాలామంది కొనలేరు. ఆ సీనియర్ చోడి (రాగి) జావ కాయించి సిరంజిలో పోయించేది. వేడిగా ఉన్నప్పుడు జారిపోయేది ఆరాక కదలదు. కాబట్టి ఏ వేడిలో పట్టాలో కూడా ఇంట్లోవాళ్లకి చూపించాలి. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ నాకంటే బాగా కుదిర్చేది, సిరంజి లేకుండా గరిట ఎత్తి చూసే చెప్పేసేది.

పుస్తకంలో లేనిది ఇంకొకటి అడ్డపొగ. చుట్ట వెలిగించి మండే కొస నోట్లో పెట్టుకుని పీల్చే ఆడవాళ్లు మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంకా ఉన్నారు. అంగిలికి క్యాన్సర్ వచ్చి ఆ భాగం తీసేస్తే మాటంతా ముక్కులోంచి పోతుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. పుట్టుకతో వచ్చే అంగిలి చీలిక గురించి ఒక సెమిస్టర్ చదివాం గానీ అరవై ఏళ్ల మామ్మకి పడిన కన్నం గురించి ఎవరూ ఎత్తలేదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో 1971లోనే పేపర్ వేశారని నాకు ఒక డెంటల్ డాక్టర్ చెప్పాడు. ఆయన పళ్ల సెట్టులాంటి ప్లేటు చేసి ఆ కన్నం మూస్తాడు. ప్లేటు పెట్టగానే మాట సగం తేటపడుతుంది, మిగతా సగం నా పని.

చెవుడు, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ విషయంలో మాత్రం చదువుకి వంక పెట్టలేను. బాగా నేర్పారు. ఆ, ఈ, ఊ, మ్, శ్, స్ అనే ఆరు శబ్దాలతో రోజూ పొద్దున్నే మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడం నిద్రలో లేపినా చెబుతాను. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయిపోయింది, ఇక మాటలు వాటంతటవే వస్తాయని అమ్మానాన్నలు అనుకుంటారు. ఆపరేషన్ తర్వాత మిషన్ ఆన్ చేసిన రోజే వినడం మొదలవుతుంది, ఆ రోజుకి పాప చెవుల వయసు ఒక రోజు అని చెప్పాలి. పాడేరు నుంచి ఘాట్ దిగి, రెండు బస్సులు మారి వచ్చే తల్లికి వారానికి రెండుసార్లు రమ్మని చెప్పడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పలేదు. వసకొమ్ము అరగదీసి నాకించాం, నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయా, వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకి మాట్లాడాడట, ఇవన్నీ వినే ఓపిక కూడా పని మీద పడ్డాకే వచ్చింది.

అమెరికా సంగతి చెల్లి కచ్చితంగా అడుగుతుందని తెలుసు. నాతో చదివిన అమ్మాయి ఒకతి అక్కడ మళ్లీ మాస్టర్స్ చేసింది. అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘానికి ఒకరి సర్టిఫికెట్ ఒకరు గుర్తించేలా కొన్ని దేశాలతో ఒప్పందాలున్నాయి గానీ ఆ జాబితాలో మనం లేం. అక్కడి సర్టిఫికెట్‌కి 400 క్లినికల్ గంటలు, అందులో పక్కన ఉండి చూడటానికి 25, కనీసం 325 పీజీలో ఉండగానే చెయ్యాలి. ప్రాక్సిస్ పరీక్షలో 162 రావాలి. ఆ తర్వాత ఒకరి పర్యవేక్షణలో 36 వారాలు పనిచేసే ఫెలోషిప్. ఇవన్నీ విని నాకేమీ అనిపించలేదు. ఒక్కటి విని మాత్రం కుళ్లుకున్నాను. ప్రతి పేషెంట్‌తో విద్యార్థి గడిపే సమయంలో కనీసం పాతిక శాతం సూపర్‌వైజర్ కళ్లెదుటే జరగాలని అక్కడ నిబంధన. అంటే అద్దం వెనక కుర్చీ మొత్తానికే ఖాళీగా ఉండటానికి వీల్లేదు.

డబ్బు గురించి రెండు ముక్కలు. మొదటి జీతం హాస్టల్ బకాయిలకే చాల్లేదు. సొంత క్లినిక్ మూడో ఏట నిలదొక్కుకుంది. రిజిస్ట్రేషన్ నిలుపుకోవడానికి ఐదేళ్లకి 100 పాయింట్లు కూడబెట్టుకోవాలి. అందుకోసం వెళ్లిన వర్క్‌షాపుల్లో కొన్ని బంగారం, కొన్ని మధ్యాహ్నం బిర్యానీ కోసం వెళ్లినట్టే.

చెల్లికి చివరికి నేను చెప్పింది ఇది. పీజీ చెయ్యి. కానీ బిల్డింగ్ చూడకు, లైబ్రరీ చూడకు. సీనియర్లని పట్టుకుని "నువ్వు కేసు చూస్తున్నప్పుడు అవతలి గదిలో ఎవరుండేవారు?" అని అడుగు. వీలైతే ఆ గదే తలుపు తీయించి చూడు.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. "అక్కా, వెళ్లి చూశా. అద్దం చాలా పెద్దది, కొత్తది. అవతలి గదిలో మాత్రం పాత బీరువాలు, విరిగిన కుర్చీలు కుక్కి పెట్టారు. దుమ్ముకి తుమ్ములొచ్చాయి." వచ్చే వారం ఇంకో కాలేజీకి వెళ్తోంది.