పీహెచ్‌పీ 8: మూడేళ్లకు పైగా వాడాక నా రివ్యూ

పీహెచ్‌పీ అంటే వెబ్‌సైట్ల వెనక కోడ్ రాసే భాష. దాని 8వ వెర్షన్‌కి, నిజం చెప్పాలంటే, ఇష్టపడి మారలేదు. పాత వెర్షన్ 7.4కి సపోర్ట్ 2022 నవంబర్‌తో అయిపోతుందన్నారు కాబట్టి ఆ ఏడాది వేసవిలో 8.1కి మారా. నేను చూసేది ఎరువుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, బాగా పాత కోడ్, రాసినవాళ్లంతా వెళ్లిపోయారు, నేనొక్కడినే మిగిలా.

మార్చిన రోజు అంతా బానే ఉంది. మర్నాడు పొద్దున్నే ఒక షాపాయన ఫోన్, "సార్ బిల్లు రావట్లేదు, స్క్రీన్ మొత్తం తెల్లగా వస్తోంది, ఇక్కడ రైతులు నిలబడున్నారు" అని. చూస్తే డిస్కౌంట్ కాలమ్‌లో ఎప్పుడో ఎవరో "నిల్" అని కొట్టారు, మా కోడేమో డిస్కౌంట్ సున్నానా అని రెండు ఈక్వల్స్‌తో (==, అంకె, మాట అనే తేడా చూడకుండా పోల్చే గుర్తు) చెక్ చేస్తుంది, 7లో అంకె కాని మాటని సున్నాతో పోలిస్తే సమానమే అనేది, 8లో కాదంటుంది, దాంతో కింది లైన్‌కెళ్లి "నిల్"ని రేటుతో గుణించబోయి టైప్ ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. అంటే ఇన్నేళ్లూ తప్పు కోడే కరెక్ట్ బిల్లు ఇచ్చిందన్నమాట! ఆ రోజు తిట్టుకున్నా గానీ ఇప్పుడడిగితే ఈ మార్పే అన్నిటికన్నా మంచిదంటా.

మిగతావాటిలో రోజూ చేతికి తగిలేది మ్యాచ్, అంటే విలువని బట్టి ఏది చేయాలో ఎంచుకోవడానికి పాత స్విచ్‌కి బదులు వాడేది. స్విచ్‌లో బ్రేక్ (ఇక్కడితో ఆగమని చెప్పే మాట) మర్చిపోయి జీఎస్టీ రేటు పక్క కేస్‌లోకి జారిపోయిన అనుభవం ఉన్నవాళ్లకి దాని విలువ తెలుస్తుంది, పైగా ఏ కేస్‌కీ కుదరకపోతే ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది. కన్‌స్ట్రక్టర్‌లోనే (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) దాని ప్రాపర్టీలు పెట్టేయడం కూడా హాయి, ఒకే పేరు నాలుగుసార్లు రాసే చాకిరీ పోయింది. ఈనమ్‌లు (ముందే ఖాయం చేసిన విలువల జాబితాలు) 8.1లో వచ్చాయి, పేమెంట్ స్టేటస్‌లన్నీ వాటిల్లోకి మార్చేశా.

జిట్ (కోడ్‌ని నడిచేటప్పుడే మెషీన్ భాషలోకి మార్చి వేగం పెంచేది) గురించి అప్పట్లో తెగ ఊదరగొట్టారు. మాకైతే తేడా ఏం లేదు, మా పేజీలు ఆగేది డేటాబేస్ దగ్గర, లెక్కల దగ్గర కాదు.

8.2కి వెళ్లాక డిక్లేర్ చేయని ప్రాపర్టీలన్నిటికీ డెప్రికేటెడ్ (ముందుముందు తీసేస్తాం, వాడొద్దు) అని మెసేజ్‌లు, లాగ్ ఫైల్ ఉబ్బిపోయి అసలు ఎర్రర్ వెతుక్కోవడమే పనైంది, రెండు వారాలు అదే క్లీనింగ్.

ఇంకొకటి, తెలుగులో రసీదులు కొట్టేవాళ్ల కోసం. పాత స్ట్ర్‌ప్యాడ్ (మాటకి ఖాళీలు చేర్చి కాలమ్ వెడల్పుకి సరిచేసే ఫంక్షన్) బైట్లు లెక్కపెడుతుంది, "రామారావు" అంటే దానికి 24, అందుకే కాలమ్స్ ఎప్పుడూ వంకరే. 8.3లో బైట్లకి బదులు అక్షరాలు లెక్కపెట్టే ఎంబీ స్ట్ర్‌ప్యాడ్ వచ్చిందంటే ఎగిరి గంతేశా, తీరా చూస్తే అది గుణింతాల్ని కూడా విడిగా లెక్కేసి 8 అంటోంది, కంటికి కనపడేవి నాలుగక్షరాలే కదా, వంకర కాస్త తగ్గిందంతే. చివరికి విసుగొచ్చి రసీదుని హెచ్‌టీఎంఎల్ టేబుల్‌లో పెట్టి ప్రింట్ ఇస్తున్నా.