పర్లాకిమిడి బజారులో ఇనుప సామాన్ల కొట్టు: తుఫాను హెచ్చరిక రాగానే నేను వెళ్లే చోటు

ఈ కొట్టుకు పెద్ద బోర్డు లేదు. రేకు మీద ఒడియాలో ఒక వరస, దాని కింద తెలుగులో ఒక వరస, రెండూ సగం వెలిసిపోయాయి. ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి బజారులో ఇత్తడి బిందెల దుకాణాలు దాటాక మేకులు తూకం వేస్తున్న చప్పుడు వినిపిస్తే అదే. గిలకలు అమ్మే కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. నాతో తెలుగులో, పక్కనున్నవారితో ఒడియాలో, కొండల నుంచి కొడవళ్లకూ పారలకూ దిగివచ్చేవారితో సవర భాషలో మాట్లాడతారు. 2018 నుంచీ నేను ఆయన్ని బాబాయిగారు అనే పిలుస్తున్నాను.

మా ఊరు పట్టణానికి ఆరు కిలోమీటర్లు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల మిల్లులో ఉంటారు. ఇంట్లో మా అత్తగారు, మా అబ్బాయి, నేను. అత్తగారికి రోజూ ఇన్సులిన్ వేయాలి. కరెంటు చాలా రోజులు ఉండదని తెలిస్తే నా భయాలు ఏమిటో దీన్నిబట్టే తెలుస్తుంది.

మొదటిసారి ఆ కొట్టు మెట్లెక్కింది 2018 అక్టోబరు 10న. నవరాత్రులు ఆ రోజే మొదలయ్యాయి. తిత్లీ తుఫాను మర్నాడు తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొట్టు ముందు నలభై మంది దాకా ఉన్నారు. అందరిదీ ఒకటే మాట: కొవ్వొత్తులు, టార్చి సెల్లులు, ఎమర్జెన్సీ లైట్లు. నేనూ అవే అడిగాను, పన్నెండు పొట్లాలు కొవ్వొత్తులు ఇమ్మన్నాను. ఆయన రెండు పొట్లాలు బల్ల మీద పెట్టి, "ఇంటికి ఇంతేనమ్మా, వెనకవాళ్లకూ కావాలి. మీకు నీళ్లు ఎక్కడివి?" అన్నారు.

బోరు, మోటారు అన్నాను. మరి బావి ఉండేది కదా, పూడ్చేశారా అని అడిగారు. పూడ్చలేదు, ఇనుప జల్లెడ వేసి మూసేశాం అన్నాను. "అయితే మీరు కొనవలసింది దీపం కాదు" అంటూ లోపలికి వెళ్లి మూడు గిలకలు తెచ్చారు.

ఆ గిలకను ఆయన ఎంచిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పైకప్పు దూలానికి ఉన్న కొక్కేనికి ఒక్కొక్కటీ తగిలించి, చూపుడువేలితో ఒక్క తోపు తోసి, చెవి దగ్గర పెట్టి విన్నారు. మొదటిది గరగరమంది. రెండోది నిశ్శబ్దంగానే తిరిగింది కానీ అంచు కాస్త ఊగింది. ఇరుసు రంధ్రం అరిగిందని, నిండు చేద పడితే తాడు పక్కకు జారి ఇరుక్కుంటుందని పక్కన పెట్టేశారు. మూడోది చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది. దానికి రెండు చుక్కలు ఆముదం వేసి నా చేతికిచ్చారు. తాడు దగ్గర కూడా అంతే శ్రద్ధ. నైలాను తాడు ఎన్నాళ్లయినా ఉంటుంది కానీ తడిస్తే జారి అరచెయ్యి కోస్తుందని, కొబ్బరి పీచు తాడు పట్టు ఇస్తుంది కానీ రోజూ ఎండలో ఆరేయకపోతే కుళ్లిపోతుందని చెప్పి, లాగేది ఎవరని అడిగారు. నేనే అన్నాను. పీచు తాడే ఇచ్చారు. ఇంటికి వెళ్లగానే మోటారు వేసి పైన ట్యాంకు నింపమని, వంటింట్లో ఉన్న ప్రతి గిన్నే నింపమని రెండుసార్లు చెప్పారు. డబ్బు తక్కువైతే పుస్తకంలో రాసుకున్నారు.

ఆ రాత్రి పోయిన కరెంటు మా వీధికి పదమూడో రోజు సాయంత్రం వచ్చింది. ట్యాంకులో 500 లీటర్లు. శిబిరాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు ఉండాలని సహాయ సంస్థల లెక్క. ముగ్గురికి 45 అనుకుంటే పదకొండు రోజులకు సరిపోవాలి. కానీ పక్కింట్లో చంటిపిల్ల ఉంటే మనం ఒక్కరమే లెక్క వేసుకోలేం. మూడో రోజుకే ట్యాంకు అడుగంటింది. ఆ తరవాత పదకొండు ఇళ్లవాళ్లు మా బావి దగ్గరికే వచ్చారు. పడిన కొబ్బరి చెట్ల మీదుగా బిందెలు పట్టుకుని దాటి వచ్చేవారు. తెచ్చుకున్న రెండు పొట్లాల కొవ్వొత్తుల్లో ఒకటి మిగిలిపోయింది, చీకటి పడగానే అందరం పడుకునేవాళ్లం. గిలక మాత్రం తెల్లవారుజాము నాలుగు నుంచి తిరుగుతూనే ఉండేది.

ఇన్సులిన్ సంగతి కూడా ఆయనే అడిగి మరీ కనుక్కున్నారు. తెరిచిన బుడ్డీ గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటుందని, 30 డిగ్రీలు దాటిన వేడి, నేరుగా ఎండ తగలకూడదని డాక్టరుగారు అంతకు ముందే చెప్పారు. తెరవని వాటికి చలువ కావాలి. మట్టి కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, పూటపూటా తడుపుతూ నీడలో ఉంచమని బాబాయిగారు చెప్పి, కుండలు తన దగ్గర లేవని పక్క సందులో కుమ్మరివారి ఇంటికి పంపారు. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు, బయటి వేడి మాత్రం తగలదు. మాకు పదమూడు రోజులూ అదే ఆధారం.

లోపం కూడా రాయాలి. ఆ రోజు రద్దీలో బల్ల దగ్గరి కుర్రాడు నాకు ఒక ఎమర్జెన్సీ లైటు అంటగట్టాడు. పెట్టె మీద ఆరు గంటలు అని ఉంది. నలభై నిమిషాలకు ఆరిపోయింది. ఏళ్ల తరబడి ఛార్జి లేకుండా అరలో ఉంటే అందులో బ్యాటరీ చచ్చిపోతుందని తరవాత తెలిసింది. వెనక్కి తీసుకోలేదు, బ్యాటరీ సామాను వాపసు లేదని గోడ మీద రాసి ఉందట. ఆ రాత నేను వెళ్లిన రోజు జనం వెనక ఎవరికీ కనిపించలేదు. ఇది నాకు నచ్చలేదు, ఆయనకే చెప్పాను. ఇప్పుడు అమ్మే ముందు ప్రతి లైటునూ వెలిగించి చూపిస్తున్నారు. అయినా అక్కడ బ్యాటరీ దీపం కొంటే మీరే అడిగి వెలిగించి చూసుకోండి.

2025 అక్టోబరు 26, ఆదివారం మళ్లీ వెళ్లాను. మొంథా తుఫాను వస్తోందని, గజపతి జిల్లాకు భారీ వర్షాలని హెచ్చరిక. (అది 28 రాత్రి ఆంధ్ర తీరం దాటింది.) ఈసారి వరసలో అందరికీ ఇన్వర్టర్ల మీదే మనసు. నా ముందున్నాయన ఉన్నవాటిలో పెద్దది ఇమ్మన్నారు. "కరెంటు ఎన్నాళ్లు పోతుందని అనుకుంటున్నారు?" అని బాబాయిగారు అడిగారు. పది రోజులని జవాబు. ఆయన నా వైపు తిరిగి, "టీచరమ్మా, లెక్క చెప్పు" అన్నారు. చెప్పాను. 12 వోల్టుల, 150 ఆంపియర్‌అవర్ బ్యాటరీలో 1,800 వాట్‌అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేవి 1,400 అనుకుందాం. పాత ఫ్యాను 75 వాట్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు 27, కలిపి 102. పద్నాలుగు గంటలు కూడా నిండవు. తక్కువ కరెంటు తాగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను అయితే ఒక రోజు. ఆ తరవాత దాన్ని నింపడానికి మళ్లీ కరెంటే కావాలి. ఆయన ఇన్వర్టరు అమ్మలేదు. పలక ఉన్న సోలారు లాంతర్లు రెండు ఇచ్చి, ముసురులో ఇవి కూడా సరిగా నిండవు, దీపంగానే వాడండి, ఫోనుకు పెట్టకండి అని చెప్పి పంపారు. వేలల్లో అమ్మకం వదులుకున్న వ్యాపారిని ఆ రోజు చూశాను.

ఇంకొకరు మా బడిలో పనిచేసే సాటి టీచరు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మేడ మీద సోలారు పలకలు పెట్టించుకున్నారు, కాబట్టి మాకేమీ అక్కర్లేదు అన్నారు. బ్యాటరీ ఉందా అని బాబాయిగారు అడిగారు. లేదు. అయితే ఊళ్లో కరెంటు పోతే మీ ఇంట్లోనూ పోతుందని ఆయన అన్నప్పుడు ఆవిడ నమ్మలేదు. అది నిజం. గ్రిడ్‌కు, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే తీగల వ్యవస్థకు కలిపిన ఇన్వర్టరు, గ్రిడ్ ఆగగానే తానూ ఆగిపోయేలా తయారు చేస్తారు. లేకపోతే మన మేడ మీద పుట్టిన కరెంటు వీధి తీగలోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్ ప్రాణం తీస్తుంది. పలకలు ఉన్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెప్పారో నాకు అనుమానమే. ఆవిడ ఒక చేద, రెండు మూతల డ్రమ్ములు కొనుక్కుని వెళ్లారు.

ఆ రోజు మా అబ్బాయి నాతోనే ఉన్నాడు. గ్రిడ్ పడిపోతే ఒక్కోసారి సాయంత్రానికే వస్తుంది, ఒక్కోసారి నెల పడుతుంది, ఎందుకని అడిగాడు. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు ఒకేసారి కూలాయి, మన ఒడిశా కూడా అందులోనే ఉంది. 60 కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డారు. అయినా ఒక్క రోజులోనే కోలుకుంది. స్తంభాలు, తీగలు అన్నీ నిలబడే ఉన్నాయి మరి, జలవిద్యుత్ కేంద్రాలు బయటి కరెంటు లేకుండానే మొదలై మిగతావాటిని లేపగలవు. తుఫానులో అలా కాదు, నేలకొరిగిన స్తంభాలను ఒక్కొక్కటే పాతాలి. 2017 సెప్టెంబరులో మారియా తుఫాను తరవాత ప్యూర్టో రికోలో చివరి ఇళ్లకు కరెంటు రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. వాడు ఇదంతా విని బాబాయిగారిని, "అన్నాళ్లయితే తాడు ఎన్ని కావాలి తాతా?" అన్నాడు. ఆయన నవ్వలేదు. "మూడు. ఒకటి ఆరుతుండాలి, ఒకటి బావిలో ఉండాలి, ఒకటి చుట్టచుట్టి అటక మీద ఉండాలి" అన్నారు. మూడూ కొన్నాను.

మొంథాకు మా వీధిలో కరెంటు ఒకటిన్నర రోజే పోయింది. మూడో తాడు అటక మీదే ఉంది.

ధరలు సరిగ్గా ముద్రించినంతే, హెచ్చరిక రోజున కూడా. కిరోసిన్ దొరకదు, లాంతరు గాజు బుడ్లు అక్టోబరుకు ముందే అయిపోతాయి. ఇక్కడి పెద్ద తుఫానులు 2013, 2014లో అక్టోబరు 12న, 2018లో అక్టోబరు 11న వచ్చాయి. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ ఇంచుమించు ఒకే తేదీకి వచ్చాయి కాబట్టి ఆయన వినాయక చవితికల్లా సరుకు దించుకుంటారు, మీరూ అప్పుడే వెళ్లండి. ఫోనుతో చెల్లించే ఏర్పాటు ఉంది కానీ టవర్లు పడ్డాక అది పనిచేయదు, చిల్లర నోట్లు ఉంచుకోండి. తాడు కొనడానికి వెళ్లేముందు ఎండాకాలపు నీటిమట్టం దాకా మీ బావి లోతు కొలుచుకోండి, అది చెప్పకపోతే ఆయన తాడు కొయ్యరు. మాది 34 అడుగులు. చుట్టుకూ చేతి పట్టుకూ కలిపి 45 కోసి ఇచ్చారు.