సెక్యూరిటీ చెక్‌లో ఆ గ్లవ్స్ మారిస్తే చాలు

మా నాయినకు కిడ్నీ మార్పిడి వేరే రాష్ట్రంలో జరిగింది. మాది నల్లగొండ పక్క ఊరు, బత్తాయి తోట మీద బతుకుతున్నాం. చెకప్‌లకు రైల్లో అంత దూరం ఆయన తట్టుకోలేడు కాబట్టి ఏళ్లుగా విమానంలోనే తీసుకెళ్తున్నా. టికెట్ల గురించి, సీట్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాసేది సెక్యూరిటీ చెక్ గురించి, అందులోనూ శుభ్రత గురించే.

భద్రత విషయంలో నాకు వంక లేదు. పెద్దవాళ్లను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టే చెక్ చేస్తారు. మందుల సంచి, చీటీ చూపిస్తే ఓపిగ్గా చూస్తారు. ఎంత తడిమి చూసినా మన మంచికే.

నా బాధంతా ఆ తడిమే చేతి గురించే. పెట్టిన కిడ్నీని ఒళ్లు కాదనకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంచాలి. టాక్రోలిమస్ లాంటి మాత్రలు రోజూ వేసుకోవాల్సిందే. మనకు నాలుగు రోజుల్లో పోయే జలుబు ఆయన్ని ఆస్పత్రిలో పడేయగలదు. మనవడు దగ్గుతుంటే ఆ గదిలోకే పోడు. అలాంటి మనిషి ఒంటిని, అంతకుముందు ఎవరివో బూట్లు తిప్పి చూసి, బెల్టు పట్టుకుని, సంచి కెలికిన గ్లవ్స్‌తోనే నడుము నుంచి మెడ దాకా తడుముతారు. ఒక తిరుగు ప్రయాణంలో ముఖం చూడాలని మాస్కు తీయమన్నారు. ఆయన చేతులు పైకి లేచేలోపే, సాయం చేద్దామని కాబోలు, అక్కడి ఉద్యోగి గ్లవ్స్ వేలితోనే మాస్కును గదవ కిందికి లాగాడు. ఆ తర్వాత వారమంతా ఇంట్లో ఒకటే టెన్షన్, పొద్దున సాయంత్రం థర్మామీటరు పెట్టి చూడటమే.

గ్లవ్స్ వేసుకున్నారు కదా, ఇంకేం కావాలంటారు కొందరు. అవి కాపాడేది వేసుకున్నవాళ్ల చేతిని. గ్లవ్స్‌తో పచ్చిమిరపకాయలు కోసి, అదే చేత్తో పక్కవాళ్ల కళ్లు తుడిస్తే మంట ఎవరికి?

ట్రేల సంగతీ చెప్పాలి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విమానాశ్రయంలో 2016 చలికాలంలో నమూనాలు తీసి పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. మనుషులు తాకే చోట్ల నుంచి తీసిన 90 నమూనాల్లో 9టిలో జలుబు, ఫ్లూ లాంటి వైరస్‌ల ఆనవాళ్లు దొరికాయి. సెక్యూరిటీ ట్రేల నుంచి తీసినవి 8 అయితే అందులో 4టిలో ఉన్నాయి. టాయిలెట్లలో తీసిన వాటిలో ఒక్కదాంట్లోనూ లేవు. ఆనవాలు దొరికినంత మాత్రాన రోగం అంటుతుందని కాదు. అయినా ఆ అంకెలు చూశాక నాయిన ఫోను, పర్సు జిప్ కవర్లో పెట్టకుండా ట్రేలో వేయడం లేదు. చెక్ అవగానే నేరుగా చేతులు కడిగిస్తా. శానిటైజర్ జేబులో ఉంటుంది కానీ, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు. అందుకే టిఫిన్ ముందు సబ్బే.

ఇక అడగడం. "భయ్యా, ఇన్‌కా కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ హువా, జర గ్లవ్స్ బదల్ లీజియే" అని మెల్లగా చెబుతా. ఎక్కువమంది వెంటనే మారుస్తారు, కొందరు ఆరోగ్యం ఎలా ఉందని కూడా అడుగుతారు. ఒకతను మాత్రం, ఇవి శుభ్రంగానే ఉన్నాయని ముఖం ముడుచుకున్నాడు. వెనక లైను పెరుగుతుంటే నాయినే తట్టుకోలేక, "పోనియ్ బిడ్డా, ఆయన పని ఆయన్ని చేసుకోనియ్యి" అన్నాడు. మా పెద్దవాళ్లలో చాలామంది ఇంతే, నోరు తెరిచి అడగరు. ఒంటరిగా ప్రయాణించే రోగి సంగతేంటి? అందుకే ఇది ప్రయాణికుడు అడిగితే జరిగే పని కాకూడదు. బూట్లు, సంచి ముట్టుకున్నాక మనిషిని ముట్టుకునే ముందు గ్లవ్స్ మార్చడం వాళ్ల పనిలో భాగం కావాలి. పేలుడు పదార్థాల పరీక్షకు అరచేతులకు రుద్దే పట్టీ కూడా మనిషికొకటి వాడాలి.

అమెరికాలో కొత్త గ్లవ్స్ వేసుకోమని ప్రయాణికులు అడగొచ్చని అక్కడ విమానాశ్రయాల్లో సెక్యూరిటీ చెక్ చేసే ప్రభుత్వ సంస్థ టీఎస్ఏనే చెబుతుంది. పిల్లల దగ్గరికి పోయే మన జిల్లా తల్లిదండ్రులు అక్కడ మొహమాటపడక్కర్లేదు. మన దగ్గర కూడా చేయలేనిదేం కాదు. 2020 మే 25న దేశీయ విమానాలు మళ్లీ మొదలైనప్పుడు ట్రేలు శుభ్రం చేశారు, వీలైనంత వరకు మనిషిని ముట్టుకోకుండానే చెక్ చేశారు.

తప్పంతా నిలబడి పనిచేసేవాళ్లదని నేననను. గంటల తరబడి గ్లవ్స్‌లో చేతులు చెమటతో నానిపోతాయి. కొత్త జత కోసం లైను వదిలి పోవాల్సి వస్తే ఎవరు పోతారు? అంతమంది ఒళ్లు తాకి సాయంత్రం ఇంటికెళ్లేది వాళ్లే, వాళ్లింట్లోనూ పిల్లలుంటారు. పైవాళ్లు ప్రతి కౌంటర్ దగ్గర చేతికందేలా గ్లవ్స్ పెట్టె, శానిటైజర్, పాతవి వేయడానికి మూత ఉన్న డబ్బా పెట్టించాలి.

భద్రతకు ఐదుకు ఐదు ఇస్తా. శుభ్రతకు ఇప్పటికి రెండే. ఆ పెట్టె కౌంటర్ దగ్గరికి వచ్చి, అడగకుండానే గ్లవ్స్ మారిన రోజు నాలుగు చేస్తా. ఐదోది ట్రేలు తుడిచాక.