హనుమకొండ సినిమా అభిమానుల మేళా: 150 రూపాయల టికెట్‌తో ఏం చూశామంటే

పోయిన ఆదివారం హంటర్ రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాల్లో సినిమా అభిమానుల మేళా పెట్టారు. టికెట్ 150, వచ్చిన డబ్బు తలసేమియా (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లల మందులకు, పరీక్షలకు. తమ్ముణ్ని వెంటబెట్టుకుని పదిన్నరకు వెళ్తే సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాం. మళ్లీ పెడితే మళ్లీ పోతాను. కానీ ఒక కౌంటర్ విషయంలో చాలా బాధేసింది, అదీ చెప్తా.

పాత వాల్‌పోస్టర్లు, ఆడియో క్యాసెట్ల కవర్లు గోడల నిండా ఉన్నాయి. పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన థియేటర్ టికెట్ ముక్కల్ని ఆల్బమ్‌లో అంటించి, ఒక్కోదాని కింద ఎవరితో కలిసి చూశాడో పెన్సిల్‌తో రాసుకున్నాడు, అక్కడే అరగంట నిలబడ్డాను. నలుగురైదుగురు హీరోల ఫ్యాన్స్ ఒకే హాల్లో అంటే గొడవవుతుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, డైలాగుల పోటీలో ఎవరైనా సరే అవతలి హీరో డైలాగే చెప్పాలని రూల్ పెట్టారు, దాంతో అందరూ ఒకటైపోయారు. సర్వపిండి బాగుంది, చాయ్ మామూలే.

బాగా నచ్చింది లెక్క. గేటు పక్కనే తెల్లబోర్డు మీద ఎన్ని టికెట్లు అమ్మారు, పోస్టర్ల వేలంలో ఎంత వచ్చింది, హాలు కిరాయి ఎంత అని గంటగంటకూ రాస్తూనే ఉన్నారు. ఇంతకుముందు ఒకచోట చందా ఇచ్చి, అది ఎటు పోయిందో తెలియక మనసు విరిగినవాణ్ని, అందుకే ఆ బోర్డు చూశాక ఇంకో 500 ఇచ్చాను.

మధ్యాహ్నం జనగామ వైపు నుంచి వచ్చిన ఒకమ్మ మైకు తీసుకుంది. ఏడేళ్ల పాపకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించేకొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుపోయి గుండె, కాలేయం దెబ్బతింటాయి కాబట్టి దాన్ని బయటికి పంపే మాత్రలు రోజూ వేయాలి. "ఎండాకాలం వస్తే భయమైతది బిడ్డా, కాలేజీలకు సెలవులిస్తరు, రక్తమిచ్చే పిల్లలంతా ఊళ్లకు పోతరు" అంది. హాల్లో చప్పుడు లేదు. ఆ వెంటనే రక్తదానం దగ్గర లైను పెరిగింది. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ పెట్టినప్పటి నుంచి మన దగ్గర ఫ్యాన్స్‌కు ఇది అలవాటైన పనే కదా.

మా తమ్ముడూ నిలబడ్డాడు. వేలిమీద సూదితో గుచ్చి, ఒక్క చుక్కను నీలం రంగు ద్రావణంలో వేశారు. చుక్క మునిగితే హిమోగ్లోబిన్ సరిపోయినట్టు, అంటే 12.5 ఉన్నట్టు. మావాడి చుక్క కాస్త దిగి, ఆగి, మెల్లగా పైకొచ్చేసింది. వాడి మొహం చిన్నబోయింది. అక్కడున్న టెక్నీషియన్ మంచిమనిషి. "ఐరన్ తక్కువై ఉండొచ్చు తమ్మీ, కానీ తలసేమియా క్యారియర్లలో, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేటోళ్లల్ల కూడా ఇట్లనే కొంచెం తక్కువుంటది, వెనక అది తేల్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేస్తున్నరు, చేయించుకో" అన్నాడు.

నా కంప్లయింట్ ఇక్కడే. ఆ కౌంటర్ వంటషెడ్డు వెనకాల ఉంది, బోర్డు లేదు, మైకులో ఒక్కసారి కూడా చెప్పలేదు. మేం వెళ్లేసరికి ఇద్దరే ఉన్నారు. క్యారియర్‌కు ఏ ఇబ్బందీ ఉండదు, తనకు ఆ సంగతే తెలియదు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేళాకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది పెళ్లికాని కుర్రాళ్లు, అమ్మాయిలే. వాళ్లంతా ఒకేచోట దొరికిన రోజున ఆ పరీక్షను అంత మూలకు పెడితే ఎలా? వచ్చేసారి దాన్ని గేటు దగ్గరే, ఆ లెక్కల బోర్డు పక్కన పెట్టండి. నిర్వాహకులకు ఈ మాట నేరుగా కూడా చెప్పాను, రాసుకున్నారు.

మావాడి రిపోర్టు గురువారం ఫోన్‌కు వచ్చింది. హెచ్‌బీఏ2 2.6, డాక్టరుకు చూపిస్తే క్యారియర్ కాదు, ఐరన్ తక్కువే అన్నారు. మాత్రలు మొదలుపెట్టాడు. మూడు నెలల తర్వాత మళ్లీ చుక్క వేయించుకుంటానని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాడు.