పోయాక్ కాబర్నేనా, నాపా కాబర్నేనా?

కాస్త ఖరీదైన కాబర్నే, అంటే అదే పేరున్న నల్ల ద్రాక్షతో చేసే రెడ్ వైన్, కొందామనుకున్నప్పుడు చాలామంది ఆగిపోయేది ఇక్కడే, ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలోని పోయాక్ తీసుకోవాలా, కాలిఫోర్నియా నాపా తీసుకోవాలా అని. ద్రాక్ష ఒకటే గానీ తాగితే రెండూ వేరు.

పోయాక్‌ది గులకరాళ్ల నేల, పక్కనే జిరోండ్ నదీముఖం, ఎండ కాస్త తక్కువ, అందుకే కాబర్నే ఒక్కదాన్నే నమ్ముకోకుండా మెర్లో అనే ఇంకో ద్రాక్ష కూడా కలుపుతారు, కొత్తగా ఉన్నప్పుడు తెరిస్తే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నోరంతా వగరు పట్టేస్తుంది, అదే పదిహేనేళ్లు ఆగి తీస్తే అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన, దేవదారు చెక్క వాసన వస్తాయి చూడండి, ఇంక ఆ గ్లాసు కింద పెట్టబుద్ధి కాదు.

నాపాలో ఎండ బాగా కాస్తుంది, పండు బాగా ముగ్గుతుంది, ఆల్కహాల్ 14.5 శాతం మామూలే, కొన్న వారానికే తాగినా మెత్తగా ఉంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నేనొప్పుకోను, 1976లో పారిస్‌లో ఫ్రెంచ్ జడ్జిలే పేర్లు చూడకుండా రుచి చూసి నాపా వాళ్ల స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబర్నేకి ఫస్ట్ ఇచ్చారు, పోయాక్ వాళ్ల మూటాన్ రాత్‌షీల్డ్ 1970 రెండోది.

ఈ ఆదివారం మటన్‌తో తాగడానికైతే నాపానే తెచ్చుకోండి. దాచడానికి చల్లటి చోటు, ఓపిక రెండూ ఉంటే మాత్రం నా ఓటు పోయాక్‌కే.