చెట్టు కొమ్మ కారు మీద పడితే ఖర్చు ఎవరిది? కాంప్రహెన్సివ్ పాలసీతో నా అనుభవం

కారు కొన్నప్పటి నుంచి ఒకే బీమా కంపెనీలో కాంప్రహెన్సివ్ పాలసీ (ఎదుటివాళ్ల నష్టంతో పాటు మన కారు నష్టానికీ వర్తించేది), దాని మీద జీరో డిప్రిసియేషన్ (పాతబడిన భాగాలకు తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) తీసుకుంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ చాలక, కారు హైదరాబాద్ వీధిలోనే తురాయి చెట్టు పక్కన ఉంటుంది. కారుకు నాలుగేళ్లు దాటాక, మే నెల గాలివానకు పెద్ద కొమ్మ విరిగి ముందు అద్దం, బానెట్, రూఫ్ మీద పడింది.

"మున్సిపాలిటీ మీద కేసు వెయ్యండి" అని చాలామంది అన్నారు. వెయ్యొచ్చు గానీ గెలవడం కష్టం. 1975లో రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు కూలి ఒక ఉద్యోగి చనిపోయారు. ఆయన కుటుంబం వేసిన కేసులో నగరపాలక సంస్థకు బాధ్యత లేదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణం పోయిన కేసే అలా ముగిసింది. నా బానెట్ కోసం కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. పక్కింటివాళ్ల చెట్టయితే కొంత నయం. అది ఎండిపోయిందని ముందే రాతపూర్వకంగా చెప్పినా పట్టించుకోలేదని చూపించగలిగితే నిర్లక్ష్యం కింద పరిహారం అడగొచ్చు. పచ్చని చెట్టు తుపాను గాలికి విరిగితే మాత్రం దైవఘటన అంటారు.

అందుకే నేరుగా క్లెయిమ్‌కే వెళ్లాను. కొమ్మ తీయకముందే ఫోటోలు, వీడియో తీసి యాప్‌లో పెట్టాను. ఎఫ్ఐఆర్ ఎవరూ అడగలేదు. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ రావడం ఆలస్యమైంది, కస్టమర్ కేర్ వాళ్లు రోజుకో మాట చెప్పారు. ఆ టెన్షన్ మాత్రం మర్చిపోలేను. బానెట్ మార్చక్కర్లేదు, డెంటింగ్ చాలని సర్వేయర్ అన్నారు. లోపలి ఫ్రేమ్ వంగిందని గ్యారేజీవాళ్లు చూపించాక ఒప్పుకున్నారు. డోర్ మీది పాత గీతను క్లెయిమ్‌లో చేర్చలేదు, అది న్యాయమే.

బిల్లు చూశాక జీరో డిప్ విలువ తెలిసింది. అది లేకపోతే నాలుగేళ్లు దాటిన కారుకు లోహ భాగాల మీద 35%, ప్లాస్టిక్, రబ్బరు మీద 50% తరుగు కోస్తారు. పెయింట్ మెటీరియల్‌లోనూ సగం మనదే. అద్దానికి మాత్రం తరుగు లేదు. నాకు తప్పనిసరి డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే కట్టాల్సిన భాగం) వెయ్యి రూపాయలు, కన్జ్యూమబుల్స్ (రిపేరులో వాడేసే చిన్న సామాన్లు) కవర్ లేనందువల్ల సీలెంట్, క్లిప్పుల ఖర్చు మాత్రమే పడ్డాయి.

అసలు నష్టం రెన్యూవల్‌లో కనిపించింది. క్లెయిమ్ వెయ్యని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), 45%కి చేరింది కాస్తా సున్నా అయింది. ఈ బోనస్ ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియం మీదే లెక్క, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం మీద కాదు. అయినా చిన్న సొట్ట కోసం క్లెయిమ్ వెయ్యకండి, రిపేరు ఖర్చు, పోయే బోనస్ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఈసారి ఎన్‌సీబీ ప్రొటెక్ట్ (క్లెయిమ్ వేసినా బోనస్ పోకుండా చూసే కవర్), కన్జ్యూమబుల్స్ రెండూ కలిపించాను.

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఇలాంటి నష్టానికి రూపాయి రాదు. చెట్ల కింద పార్క్ చేసేవాళ్లు అది గమనించాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఫీజు లేదు.